ఏడో పేజీలో పేరు చోటు

ఊళ్ళో కాస్త పెద్దమనిషి ఎవరైనా పోతే ముందు డాక్టరుకు తెలుస్తుంది, తర్వాత ఇంట్లోవాళ్ళకు, ఆ వెంటనే రబ్బరక్కకు. పక్కింటివాళ్ళకు తెలిసేసరికి ఆవిడ పెన్సిల్ చెక్కుకుని సిద్ధంగా ఉంటుంది. అందులో ఆవిడ తప్పేమీ లేదు. పోయినవాళ్ళ పేరు చర్చి పాటలో రాయాల్సింది ఆవిడే, పాట అయ్యాక రబ్బరుతో చెరపాల్సిందీ ఆవిడే. ముప్ఫై ఏళ్ళుగా అదే పని కావడంతో ఆవిడ అసలు పేరు జనం ఎప్పుడో మర్చిపోయారు. ఎనభై ఏళ్ళ ఫాదర్‌గారు కూడా "ఏం రబ్బరక్కా, కులాసానా?" అనే పలకరిస్తారు.

ఆ పాటను రెక్వియం అంటారు. పోయినవాళ్ళకు విశ్రాంతి ఇవ్వమని దేవుణ్ణి అడిగే పూజ అది. వట్టి మాటల్లో అడిగితే ఆయన వింటాడో వినడో అని వందల ఏళ్ళుగా సంగీతం కట్టి మరీ అడుగుతున్నారు. పెద్ద పెద్ద విద్వాంసులు కట్టిన రెక్వియంలు లోకంలో చాలా ఉన్నాయి. రబ్బరక్క వాళ్ళ చర్చిలో పాడేది మాత్రం వాటిలో ఏదీ కాదు. నూరేళ్ళ కిందట అక్కడే పాటలు నేర్పిన ఒక మాస్టారు, భార్య పోయినప్పుడు గదిలో తలుపేసుకుని రాసుకున్న పాట. అంతా లాటిన్. మొదట విశ్రాంతి అడుగుతారు. తర్వాత తీర్పు రోజు గుర్తొచ్చి భయపడతారు, అక్కడ మగవాళ్ళు మెడనరాలు తేలేలా అరుస్తారు. చివర్లో సద్దుమణిగి మళ్ళీ విశ్రాంతే అడుగుతారు.

ఏడో పేజీకి వచ్చేసరికి ఆ మాస్టారు మూడు స్వరాలు రాసి, వాటి కింద మాటలేవీ రాయకుండా వదిలేశాడు. అదే పేరు చోటు. ఆ పేజీలో అలాంటి చోట్లు ఐదున్నాయి. ఆయన భార్య పేరు మూడక్షరాలు, అందుకని స్వరాలూ మూడే. ఆ తర్వాత నూరేళ్ళపాటు పోయినవాళ్ళందరూ ఆ మూడింట్లోనే ఇరుక్కుని సర్దుకోవాల్సి వచ్చింది. ఐదక్షరాల వాళ్ళు కాస్త ఇబ్బంది పెట్టేవారు. రెండక్షరాల వాళ్ళను సాగదీసేవారు. బతికుండగా ఎంత బారుగా సంతకం పెట్టిన మనిషైనా ఏడో పేజీలో మూడే.

కాపీలు ఇరవై ఎనిమిది. పాడేవాళ్ళకు ఇరవై ఏడు, ఇప్పుడు పాట నడిపించే మాస్టారికి ఒకటి. అంటే ఒక్కొక్కరు పోయినప్పుడల్లా నూట నలభై చోట్ల పేరు రాయాలి, నూట నలభై చోట్ల చెరపాలి. రబ్బరక్క పగలు పుస్తకాలకు అట్టలు వేసే దుకాణంలో పనిచేస్తుంది. కాగితం సంగతి ఆవిడకు తెలిసినంతగా ఊళ్ళో ఇంకెవరికీ తెలియదు. రాసీ చెరిపీ రాసీ చెరిపీ పేరు చోటు పల్చబడి అవతలి వేలు కనపడేది. దానికి వెనకనుంచి సన్నటి కాగితం అంటించి మళ్ళీ బతికించేది. ఆడగొంతుల్లో కింది వరసలో నిలబడి పాడేది కూడా. కానీ ఆ గొంతు గురించి మాస్టారు ముప్ఫై ఏళ్ళలో ఒక్క మంచి మాట అన్నది లేదు. "నీ చేతిరాత ముత్యాలేనమ్మా" అని మాత్రం అనేవాడు. పాడేవాళ్ళను పొగడటానికి అది పద్ధతి కాదని ఆవిడకూ తెలుసు.

ఇంకో ఆచారం కూడా ఉంది. రిహార్సల్లో పోయినవాళ్ళ పేరు పలకరు. ఆ చోటు వచ్చినప్పుడు "ల ల ల" అనాలి. పేరు అసలు పూజలోనే, శవపేటిక ముందే, మొదటిసారి పలకాలని పాత మాస్టారు పెట్టిన నియమం. అందుకని పాటగాళ్ళు రెండు రోజులు బల్లలు ఎగిరేలా "ల ల ల" అని సాధన చేసి, మూడో రోజు కాగితం మీద ఏముంటే అది పాడేవారు. అర్థం అడిగితే ఒక్కరికీ తెలియదు. లాటిన్ వాళ్ళకు నోటికొచ్చు, తలకు రాదు.

ఇక అన్నయ్య గురించి చెప్పాలి. రబ్బరక్కకు తొమ్మిదేళ్ళు పెద్ద. సైకిళ్ళు బాగుచేసే కొట్టు ఉండేది. వారమంతా ట్యూబుల్లోకి గాలి కొట్టేవాడు, పూజ ఉన్నప్పుడల్లా వచ్చి చర్చి ఆర్గన్‌లోకి గాలి కొట్టేవాడు. జనం గాలన్న అనేవారు. ఆ ఆర్గన్ పాతది. వెనకాల బీరువా అంత చెక్కగది, అందులో పెద్ద తోలు తిత్తి, దానికో కర్రపిడి. పిడిని పైకీ కిందకీ ఆడిస్తూ ఉంటేనే తిత్తిలోకి గాలి వస్తుంది, గాలి ఉంటేనే ఆర్గన్ పలుకుతుంది. గోడ మీద దారానికి ఒక సీసపు గుండు వేలాడేది. గుండు గీత దాటి పైకి పోయిందంటే గాలి తగ్గుతోందని లెక్క. ముప్ఫై ఎనిమిదేళ్ళు అన్నయ్య ఆ గుండును చూస్తూ ఉక్కపోతలో చెమటలు కక్కుతూ గాలి కొట్టాడు. బయట కూర్చున్నవాళ్ళు ఆర్గన్ వాయించే టీచరమ్మను మెచ్చుకుని ఇళ్ళకు వెళ్ళేవారు.

గది లోపలినుంచి అన్నయ్యకు పాటంతా వినపడేది. వినడం కూడా అలా ఇలా కాదు. ఇంటికొచ్చాక చెల్లెలికి తప్పులన్నీ ఏకరువు పెట్టేవాడు. "మూడో పేజీలో నువ్వు దొంగ ఊపిరి తీశావు చెల్లాయ్. నాలుగో పేజీలో మగవాళ్ళలో ఆ లావు ఆయన అర తాళం ముందే అందుకున్నాడు." పూజకు ముందు మాత్రం ఒక్కటే అడిగేవాడు, "ఇవాళ ఎవరు?" అని. ఆవిడ పేరు చెప్పేది. ఆయన లోపలికెళ్ళి చెక్కగోడ మీద బొగ్గుపెన్సిల్‌తో రాసుకునేవాడు. చెల్లెలు చెరిపేసినవాళ్ళందరూ అన్నయ్య గోడ మీద ఉండిపోయేవారు. మూడు వందల పైచిలుకు పేర్లు, పైనుంచి కిందకి, వరసలుగా.

ఇరవై ఏళ్ళ కిందట ఒకసారి ఒక పొరపాటు జరిగింది. ముందు వారం స్టాంపులు అమ్మే పోస్టాఫీసు ఆవిడ పోయింది, పాట పాడారు. అట్టల దుకాణంలో పని ముంచుకొచ్చి రబ్బరక్క చెరపడం మర్చిపోయింది. అంతలోకి హెడ్మాస్టరుగారు పోయారు. కొత్త పేరు రాయడమూ మర్చిపోయింది. మూడో రోజు పూజలో ఏడో పేజీ వచ్చింది, కాగితం మీద ఉన్నది ఉన్నట్టు ఇరవై ఏడు మందీ పాడేశారు. హెడ్మాస్టరుగారిని స్టాంపుల ఆవిడ పేరుతో ఐదుసార్లు దేవుడికి అప్పగించారు. రెండోసారి పాడుతుండగా రబ్బరక్కకు విషయం అర్థమైంది. చుట్టూ చూసింది. హెడ్మాస్టరు భార్య ముక్కు చీదుకుంటోంది. ఫాదర్‌గారు కళ్ళు మూసుకున్నారు. ఎవరికీ చీమ కుట్టినట్టు కూడా లేదు.

విన్నవాడు ఒక్కడే. చెక్కగదిలో అన్నయ్యకు నవ్వు ఆగలేదు. పిడి వదిలేసి పొట్ట పట్టుకున్నాడు. గాలి తగ్గింది, ఆర్గన్ ఒక్కసారి జారి, వణికి, మూలిగి, మళ్ళీ లేచింది. పూజ అయ్యాక మాస్టారు కళ్ళు తుడుచుకుంటూ, "పేరు దగ్గర ఆర్గన్ కూడా దుఃఖం ఆపుకోలేకపోయింది, విన్నారా" అన్నాడు. అందరూ విన్నామన్నారు. ఆ రోజు అన్నయ్య గోడ మీద, "హెడ్మాస్టరుగారు, స్టాంపుల ఆవిడ పేరు మీద" అని రాసుకున్నాడు. ఇంట్లో ఇద్దరూ తలుచుకుని తలుచుకుని ఏళ్ళ తరబడి నవ్వుకున్నారు.

రెండేళ్ళ కిందట సిమెంటాయనకు చర్చి మీద ప్రేమ పుట్టుకొచ్చింది. సిమెంటు వ్యాపారంలో ఊళ్ళో సగం గోడలు కట్టించిన మనిషి. ఆర్గన్‌కు కరెంటుతో తిరిగే గాలి యంత్రం బహూకరించాడు. చెక్కగదిలో తిత్తి తీసేసి యంత్రం పెట్టారు. గోడలకు తెల్లరంగు వేశారు, రెండు పూతలు. తలుపుకు తాళం, తాళానికి పైన ఇత్తడి పలక, పలక మీద సిమెంటాయన పేరు, హోదాలతో సహా ఆరు వరసలు. తాళంచెవి చర్చి కమిటీ కార్యదర్శి నడుముకు చేరింది. రంగు వేసిన మర్నాడు అన్నయ్య వెళ్ళి చూసొచ్చాడు. "మూడు వందల మందినీ ఒక్క డబ్బా రంగుతో లేపేశారే చెల్లాయ్. నీ రబ్బరు ఎందుకు పనికొస్తుంది దాని ముందు!" అని నవ్వబోయాడు కానీ నవ్వు రాలేదు.

ఆ తర్వాత ఆయన పూజకు వచ్చి చివరి బల్ల మీద కూర్చునేవాడు. పాట జరుగుతున్నంతసేపూ కుడిచెయ్యి మోకాలి మీద పైకీ కిందకీ కదులుతూ ఉండేది. ఒకరోజు మధ్యాహ్నం భోంచేస్తూ అడిగాడు.

"నాకు పెద్ద పాటా, చిన్న పాటా?"

"పెద్దదే. ముప్ఫై ఎనిమిదేళ్ళు గాలి కొట్టినవాడికి కాకపోతే ఇంకెవరికి?"

"నా పేరు కూడా మూడక్షరాలే కదే. ఆ మూడు స్వరాల మీద సరిగ్గా కూర్చుంటుంది. లోపల గాలి కొడుతూ ఎన్నిసార్లు అనుకుని చూసుకున్నానో!"

"చాల్లే అన్నయ్యా, భోజనం దగ్గర ఆ మాటలేంటి?"

"తప్పేముంది? ఊరందరినీ సాగనంపాను. నన్నూ ఎవరో ఒకరు సాగనంపాలిగా. రాస్తావా రాయవా?"

"రాస్తాను. ముత్యాల్లా రాస్తాను, సరేనా?"

సరేనన్నాడు. ఆరు నెలలకు ఒక ఉదయం లేవలేదు. నిద్రలోనే పోయాడు. రబ్బరక్క ఏడుపు కాసేపు పక్కనపెట్టి, పెన్సిల్ చెక్కుకుని, చర్చి ఆఫీసుకు వెళ్ళింది.

చిన్న పాట, పెద్ద పాట అంటే ఏమిటో ఇక్కడ చెప్పాలి. పెద్ద పాట మొత్తం రెక్వియం. చిన్న పాట దాని తోక, ఒక్క చరణం. అందులో పేరు చోటు లేదు. ఎవరికి ఏది అన్నది కమిటీ చూసుకుంటుంది. దానికో నిబంధనల కాగితం ఉంది, అద్దం పట్టించి గోడకు తగిలించారు. దేవుడు పైన ఏ లెక్కన తీర్పు చెబుతాడో ఎవరికీ తెలియదు గానీ కమిటీ లెక్క మాత్రం అద్దంలో కనపడుతూనే ఉంటుంది. పెద్ద పాటకు అర్హులు: ఫాదర్లు, కమిటీ సభ్యులు, దాతలు, పాతికేళ్ళకు తగ్గకుండా పాడినవాళ్ళు.

కార్యదర్శి ఆ కాగితం పైనుంచి కిందకి రెండుసార్లు చదివాడు. "మీ అన్నయ్యగారు పాడలేదు కదమ్మా."

"గాలి కొట్టాడండి. ముప్ఫై ఎనిమిదేళ్ళు."

"కొట్టారమ్మా, కాదనను. కానీ ఇందులో పాడినవాళ్ళు అని ఉంది. గాలి పాట కాదు కదా."

"గాలి లేకపోతే పాటెక్కడిదండీ?"

"అది నిజమే. అలా చూస్తే లైట్లు వేసే ఆయన ఉన్నాడు, బల్లలు తుడిచే ఆవిడ ఉంది. రేపు వాళ్ళూ అడుగుతారు. ఎక్కడో ఒకచోట గీత గియ్యాలి కదమ్మా."

పక్కనే మాస్టారు ఉన్నాడు. ముప్ఫై ఎనిమిదేళ్ళు అన్నయ్య కొట్టిన గాలి మీద చెయ్యి ఊపిన మనిషి. రబ్బరక్క ఆయన వైపు చూసింది. ఆయన నీళ్ళు నమిలి, "నిబంధన నిబంధనే కదమ్మా" అని కళ్ళజోడు తుడుచుకోవడం మొదలుపెట్టాడు. అద్దాలు అప్పటికే శుభ్రంగా ఉన్నాయి.

అన్నయ్యకు చిన్న పాట పాడారు. పనిదినం కావడంతో నలుగురే వచ్చారు. ఆర్గన్ మోగలేదు. తాళంచెవి ఉన్న కార్యదర్శి ఏదో పెళ్ళికి వెళ్ళాడు. ఆ ఆర్గన్‌కు జీవితమంతా ఊపిరి పోసిన మనిషి ముందు అది నోరు మూసుకుని కూర్చుంది. రెండు నిమిషాల్లో చరణం అయిపోయింది, పేరు లేకుండానే. ఎవరి కోసం పాడారో దేవుడే వాకబు చేసుకోవాలి. మాట ఇచ్చి తప్పానే అని రబ్బరక్క ఆ వారమంతా కుమిలిపోయింది. దుకాణంలో ఒక పుస్తకానికి అట్ట తలకిందులుగా వేసింది కూడా. అలాంటిది ఆవిడ చేతిలో ఎన్నడూ జరగలేదు.

పదో రోజున సిమెంటాయన పోయాడు.

ఊరు హడలిపోయింది. పెద్ద పాటేనా అని ఎవరూ అడగలేదు. ఎంత పెద్దగా పాడాలన్నదే ప్రశ్న. ఆయన కొడుకు నల్లకోటు వేసుకుని చర్చి ఆఫీసుకు వచ్చి ఒక కాగితం ఇచ్చాడు. అందులో నాన్నగారి పేరు, ముందు రెండు బిరుదులు, వెనక వర్తక సంఘం గౌరవాధ్యక్షులు అనే హోదా. మొత్తం ముప్ఫై ఒక్క అక్షరాలు. "పాటలో ఇది మొత్తం రావాలి" అన్నాడు.

మాస్టారి తలప్రాణం తోకకొచ్చింది. "బాబూ, అక్కడ ఉన్నవి మూడే స్వరాలు."

"ఇంకో ఇరవై ఎనిమిది కలపండి. నాన్నగారు ఆర్గన్‌కు ఊపిరి పోశారు. ఆ మాత్రం చెయ్యలేరా?"

ఊపిరి పోశారు అన్న మాట వినేసరికి, మూల కూర్చుని పెన్సిళ్ళు సర్దుకుంటున్న రబ్బరక్క చెయ్యి ఆగిపోయింది. తల ఎత్తలేదు. మాస్టారు, కార్యదర్శి, కొడుకు గంటసేపు వాదించుకున్నారు. గౌరవాధ్యక్షులు అనేదాన్ని తీర్పు రోజు దగ్గర మగగొంతులతో పాడిద్దామని కార్యదర్శి సలహా ఇచ్చాడు. అలా చేస్తే ఆయన్ను నరకానికి పంపినట్టు ఉంటుందని మాస్టారు మొత్తుకున్నాడు. చివరికి తేలిందేమంటే, ఇంటిపేరూ బిరుదులూ ఫాదర్‌గారు ప్రసంగంలో చెబుతారు, పాటలో మాత్రం ఆయన పేరులోని మొదటి మూడక్షరాలు. కొడుకు మింగలేక కక్కలేక ఒప్పుకున్నాడు. "ఐదుసార్లూ స్పష్టంగా వినపడాలి. నేను లెక్కపెడతా" అని వెళ్ళాడు.

రెండు రోజులు ల ల ల అని సాధన జరిగింది. మూడో రోజు పొద్దున్నే రబ్బరక్క చర్చి మేడ మీద పాటల గదిలో కూర్చుంది. కిటికీలోంచి ఎండ కాపీల మీద పడుతోంది. కింద పూలు అమరుస్తున్నారు. మొదటి కాపీ మాస్టారిది. ఏడో పేజీ తీసి సిమెంటాయన పేరు ఐదు చోట్లా రాసింది. ముత్యాల్లా వచ్చింది.

రెండో కాపీ తీసింది. పేరు చోటు మీద పెన్సిల్ పెట్టి ఆగిపోయింది. ఆ కాగితం వెనక తను అంటించిన అతుకు కనపడుతోంది. ఎంతమంది వచ్చి పోయారు ఇక్కడికి! ఉప్పూ పప్పూ అమ్మినవాళ్ళు, ఊరికే కమిటీలో కూర్చుని కునికినవాళ్ళు, ఒక పన్ను అధికారి, ఆయన్ను తిట్టుకుంటూ బతికిన ఇద్దరు వ్యాపారులు. ఒక్క అన్నయ్యకే ఇందులో చోటు లేకుండా పోయింది. గోడ మీద చోటు ఉండేది, దాని మీదా సిమెంటాయన రంగు పూయించాడు. రబ్బరక్కకు కోపం వచ్చింది. ముప్ఫై ఏళ్ళలో రానిదంతా ఒక్కసారే వచ్చింది. మూడు స్వరాల కింద అన్నయ్య పేరు రాసింది.

అలా ఇరవై ఏడు కాపీల్లో, నూట ముప్ఫై ఐదు చోట్ల రాసింది. మాస్టారి కాపీని మాత్రం అలాగే ఉంచింది. ఆయన గుండెజబ్బు మనిషి. పైగా ఎవరైనా కళ్ళతో చదువుతున్నదే చెవులతో వింటారని, హెడ్మాస్టరుగారు పోయినప్పుడే ఆవిడకు అర్థమైంది.

పూజకు చర్చి కిక్కిరిసింది. బయట వరండాలో కూడా కుర్చీలు వేశారు. ఫాదర్‌గారు ముప్ఫై ఒక్క అక్షరాలూ చదివి, సిమెంటాయన వినయం గురించి అరగంట చెప్పారు. పాట మొదలైంది. ఇత్తడి పలక వెనక యంత్రం బుస్సుమంటూ తిరుగుతోంది. విశ్రాంతి అడిగారు. తీర్పు రోజు గురించి భయపడ్డారు. లావు ఆయన ఎప్పటిలాగే అర తాళం ముందే అందుకున్నాడు. ఏడో పేజీ తిప్పారు.

ఎవరైనా ఒక్కరు ఆగితే చాలు, ఒక్కరు తల తిప్పి చూస్తే చాలు, తన పని ముగిసినట్టే. ముప్ఫై ఏళ్ళ పేరు మట్టిలో కలుస్తుంది. మొదట పైగొంతు ఆడవాళ్ళు అందుకున్నారు, తర్వాత రబ్బరక్క వరస, తర్వాత మగవాళ్ళు. అన్నయ్య పేరు నాలుగు గొంతుల్లో, నిండుగా, మూడు స్వరాల మీద సరిగ్గా కూర్చుంది. ఆయన చెప్పింది నిజమే. ఆ స్వరాలు ఆయన కోసమే కట్టినట్టున్నాయి. ఒక్కరూ ఆగలేదు. మాస్టారు కాపీ చూస్తూ, సిమెంటాయన పేరు వింటూ, పరవశంగా చెయ్యి ఊపుతున్నాడు. ముందు బల్ల మీద కొడుకు వేళ్ళు ముడుస్తూ లెక్కపెడుతున్నాడు. ఒకటి. రెండు.

మూడోసారికి రబ్బరక్క భయం పోయింది. సంతోషం పొంగుకొచ్చింది. మాట నిలబెట్టుకున్నాను అన్నయ్యా అనుకుంది. అనుకున్నదే తడవు చెవులు తనకు తెలియకుండానే ఆర్గన్ వైపు తిరిగాయి. ఇప్పుడు గాలి తగ్గాలి. లోపల ఆయన పొట్ట పట్టుకుని నవ్వాలి, ఆర్గన్ జారాలి, వణకాలి. నాలుగోసారి పేరు వచ్చింది. ఆర్గన్ వణకలేదు. కరెంటు గాలి గీత గీసినట్టు వస్తూనే ఉంది. ఈ చర్చిలో పాట వినే మనిషి ఒక్కడే ఉండేవాడని, ఆ ఒక్కడూ పోయాడని అప్పుడు తెలిసొచ్చింది. అన్నయ్య పోయిన రోజు కూడా ఇంతగా తెలియలేదు. ఐదోసారి ఆవిడ పాడలేకపోయింది. కాపీ మొహానికి అడ్డం పెట్టుకుని వెక్కివెక్కి ఏడ్చింది.

పూజ అయ్యాక లావు ఆయన చెమట తుడుచుకుంటూ, "పెద్దాయన పేరు పాటకు భలే నప్పింది సుమా" అన్నాడు. మాస్టారు ఔనన్నాడు. రబ్బరక్క కాపీలు పోగుచేసుకుని చెరపడానికి కూర్చునేసరికి సిమెంటాయన కొడుకు మేడ మెట్లెక్కి వచ్చాడు. వెనకాల కార్యదర్శి. అయిపోయింది, దొరికిపోయాను అనుకుంది. రబ్బరు చేతిలోంచి జారి కిందపడింది.

కొడుకు వంగి రబ్బరు తీసి ఆవిడ చేతికిచ్చాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "ఐదుసార్లూ వచ్చిందమ్మా, లెక్కపెట్టాను. నాన్నగారి పేరు అంత బాగుంటుందని నాకిన్నాళ్ళూ తెలియదు. మిమ్మల్ని చూశాను. ఐదోసారికి మీరు తట్టుకోలేకపోయారు. నిజం చెప్పొద్దూ, మా ఇంట్లో కూడా ఎవరూ అంతగా ఏడవలేదు."

రబ్బరక్క "మంచి మనిషండీ" అంది. "నవ్వు ఆపుకోలేడు."

కొడుకు కాస్త తికమకపడ్డాడు. వాళ్ళ నాన్న నవ్వగా చూసినవాళ్ళు ఊళ్ళో లేరు. అయినా బయటివాళ్ళ దగ్గర నవ్వేవారేమో అని సర్దిచెప్పుకుని, కార్యదర్శి వైపు తిరిగాడు. "ఇలాంటి ఆవిడకు మీరు పెద్ద పాట ఇస్తారా ఇవ్వరా?"

కార్యదర్శికి నిబంధనల కాగితం గుర్తుకే రాలేదు. వారం తిరక్కుండా కమిటీ తీర్మానం చేసింది. ఆవిడ ముప్ఫై ఏళ్ళు పాడిందని, నిబంధన ప్రకారమే ఆవిడకు పెద్ద పాట ఎప్పుడో రాసిపెట్టి ఉందని ఎవరికీ తట్టలేదు. కింది వరస గొంతులు కమిటీ చెవిదాకా వెళ్ళవు మరి. సిమెంటు కుటుంబం కోరిక మీద, ప్రత్యేక గౌరవంగా, రబ్బరక్క పోయినప్పుడు మొత్తం రెక్వియం పాడాలని రాసుకున్నారు. ఆవిడను పిలిచి నిలబెట్టి చదివి వినిపించారు. చప్పట్లు కొట్టారు.

"సంతోషమండీ" అంది రబ్బరక్క. "ఒక్క మనవి. నేను పోయాక కాపీల్లో రాయడానికి నేను ఉండను కదా. ఇంకొకరి చేతిరాత నాకు పడదు. నా కాపీలు నేనే ముందుగా రాసి ఒక పెట్టెలో పెట్టుకుంటాను. ఆ రోజు పెట్టె తెరిచి అవే పంచండి."

ఎంత పనిమంతురాలో చూశారా అని కార్యదర్శి మురిసిపోయాడు. మాస్టారు మళ్ళీ కళ్ళజోడు తుడుచుకుని, "ముత్యాల్లాంటి చేతిరాతమ్మా నీది" అన్నాడు. అనుమతి ఇచ్చారు.

నాలుగు నెలలు పట్టింది. దుకాణం నుంచి మంచి కాగితం తెచ్చుకుంది. స్వరాలూ మాటలూ ఒక్కొక్కటే చూసి రాసింది. ఇరవై ఎనిమిది కాపీలు, గుడ్డ అట్టలు, గట్టి కుట్టు. ఏడో పేజీ మాత్రం చివరికి ఉంచుకుని, ఒక ఆదివారం మధ్యాహ్నం, అన్నయ్య కూర్చునే కుర్చీలో కూర్చుని రాసింది. పెన్సిల్ ముట్టలేదు. దుకాణంలో అట్టల మీద పేర్లు రాసే నల్లసిరా వాడింది. అది నీళ్ళకు పోదు, రబ్బరుకు పోదు. మొన్న పాడించింది దొంగపాట. ఇది తన సొంతం, తీర్మానంతో సహా. తనది తను ఎవరికిచ్చుకుంటే ఎవరికేం? ప్రతి కాపీలో, ఐదు చోట్లా, మూడు స్వరాల కింద అన్నయ్య పేరే రాసింది.

ఈసారి మాస్టారి కాపీలో కూడా అదే రాసింది.